అట్ట అంబాసిడర్

నేను అచ్చులు చెక్కేవాణ్ణి. బందరు కలంకారీ దుప్పట్ల మీద మీరు చూసే నెమళ్ళు, మామిడి పిందెలు, తీగలు అన్నీ ముందు మా టేకు చెక్కల మీదే పుడతాయి. ఆ చెక్కని రంగులో అద్ది గుడ్డ మీద వేస్తే బొమ్మ పడుతుంది. ముప్పై ఆరేళ్ళుగా నాకిదే పని. నా అచ్చులో గీత వెంట్రుకవాసి పక్కకి పోయిందని ఇంతవరకూ ఒక్కరూ తిప్పి పంపలేదు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకుంటే అనుకోండి, ఉన్నదే చెప్తున్నాను.

మా పనిలో ఒక కిటుకుంది. గుడ్డ మీద నెమలి ఎడమకి చూడాలంటే చెక్క మీద కుడికి చూడాలి. అందుకని బొమ్మని పల్చటి కాగితం మీద గీసి, కాగితాన్ని బోర్లా తిప్పి చెక్కకి అంటించి, అప్పుడు ఉలి పట్టుకుంటాం. కొత్తలో తల తిరిగిపోతుంది. నాలుగేళ్ళు పోయాక చెయ్యే దాని పని అది చూసుకుంటుంది, బుర్రతో పనుండదు. నాకైతే నిద్రలో లేపి అడిగినా సరే.

అలాంటివాణ్ణి, కాగితంతో, అట్టతో ఒక కారు చెయ్యాలనుకున్నప్పుడు అదెంతలే అనుకున్నాను. మూరెడు కారు. తలుపులు తెరుచుకోవాలి, చక్రాలు తిరగాలి, లోపల సీట్లుండాలి. టేకునే లొంగదీసినవాడికి అట్ట ఒక లెక్కా?

కారు మా బావ కోసం. మా అక్క భర్త. గుడివాడలో ముప్పై ఐదేళ్ళు టాక్సీ నడిపాడు, మొదటి నుంచీ చివరి దాకా ఒకటే కారు, పాల తెలుపు అంబాసిడర్. పెళ్ళిళ్ళకీ, పురుళ్ళకీ, ఆస్పత్రులకీ, దివిసీమలో చర్చివాళ్ళ కన్వెన్షన్ మీటింగులకీ జనాన్ని తిప్పాడు. మా నాన్న పోయాక కోడూరు నుంచి నన్ను బందరు తీసుకొచ్చి అచ్చుల మేస్త్రీ దగ్గర చేర్చింది కూడా ఆయనే, ఆ కారులోనే. అప్పుడు నాకు పదహారేళ్ళు. దారి పొడుగునా ముందు సీట్లో ఆయన పక్కన కూర్చుని ఏడుస్తుంటే, చల్లపల్లిలో ఆపి సోడా కొట్టించి, "ఏడిస్తే ఏడిచావు గానీ, ఆ పక్కనుంచి లారీ ఏమన్నా వస్తోందేమో చూసి చెప్పు" అన్నాడు. ఆ రోజు నుంచీ ఎడమ పక్క ముందు సీటు నాది. ఖాళీ ఉన్నప్పుడల్లా ఎక్కేవాణ్ణి. వేరుశనక్కాయలు ఒలిచి ఆయన చేతిలో పెట్టడం, ఎడమ పక్క చూసి "రావచ్చు బావా" అనడం నా ఉద్యోగాలు.

ఆ కారు వెనకాల ఎడమ తలుపుకి ఒక సొట్ట ఉండేది. కోడూరు రోడ్డులో కాలవగట్టు మీంచి దిగిన గేదె ఒకటి కొమ్ముతో కుమ్మింది. ఎంతమంది చెప్పినా బావ దాన్ని బాగుచేయించలేదు. "గేదె పెట్టిన సంతకం, చెరపకూడదు" అనేవాడు.

మూడేళ్ళ కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట కాస్త ముద్దగా వచ్చేది గానీ తెలివికేమీ లోటు రాలేదు. బెజవాడ ఆస్పత్రిలో ఇరవై రోజులున్నాడు. ఇక జన్మలో స్టీరింగ్ ముట్టుకోకూడదని డాక్టరు గారు చెప్పేశారు. ఇంటి ముందు కారు కనబడుతుంటే ఈయన ఎక్కకుండా ఊరుకోడని మా అక్క హడలిపోయింది. "ఏదో ఒకటి చెయ్యరా తమ్ముడూ" అంది.

ఏదో ఒకటి చెయ్యడంలో నన్ను మించినవాడు లేడు. ఆస్పత్రిలో బావ నిద్రపోతుంటే, కొక్కేనికి తగిలించిన ఆయన చొక్కా జేబులోంచి కారు తాళం తీసుకున్నాను. బస్సెక్కి గుడివాడ వెళ్ళి, కారుని తుక్కు షెడ్డుకి అప్పగించేశాను. సాయంత్రానికి ఇంటి ముందు పందిరి కింద నూనె మరక తప్ప ఏమీ మిగల్లేదు. ఆయన్ని అడగలేదు. అడిగితే వద్దంటాడు, వద్దంటే వాదన, జబ్బు మనిషితో వాదనేమిటనుకున్నాను. అప్పుడది నాకు చాలా తెలివైన పనిగా కనిపించింది.

బావ ఇంటికొచ్చిన రోజు, ఆటోలోంచి దింపుతుంటే, ఆ మరకని చూశాడు. అది మొదలు నాతో మాట్లాడటం మానేశాడు.

మానేశాడంటే ముఖం తిప్పుకుని వెళ్ళిపోవడం కాదు, అంత మొరటు మనిషి కాదు. నేను ఎదురుగా కుర్చీలోనే ఉంటాను. ఆయన మా అక్కతో, "మీ తమ్ముణ్ణి భోంచేసి వెళ్ళమను" అంటాడు. "మీ తమ్ముడికి ఫ్యాను తగలట్లేదేమో, ఇటు జరగమను" అంటాడు. మర్యాదకి లోటు లేదు, మాటే లేదు. నేను మాత్రం తక్కువ తిన్నానా? "అక్కా, మీ ఆయనకి మందులు తెచ్చానని చెప్పు" అనేవాణ్ణి. నాలుగడుగుల దూరానికి మా అక్క మధ్యవర్తి. ఒకసారి ఆవిడకి విసుగొచ్చి, "మీ ఇద్దరూ ఉత్తరాలు రాసుకోండర్రా, నాకు వంటుంది" అని లోపలికి పోయింది. ఆ పూట ఇద్దరం గోడగడియారం చూస్తూ కూర్చున్నాం.

పైకి నవ్వులాటగా చెప్తున్నాను గానీ లోపల చాలా కష్టంగా ఉండేది. నాన్న తర్వాత నాన్నంతటివాడు. ఆయన నోటితో "ఒరేయ్" అని పిలిపించుకోక మూడేళ్ళయింది.

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం వెళ్ళేసరికి బావ మంచం మీద కూర్చుని ఫోను చూస్తున్నాడు. మా మేనకోడలి పెళ్ళినాటి ఫోటో, పూలు కట్టిన కారు. ఎడమ బొటనవేలితో దాన్ని పెద్దది చేసి, ఒక్కో మూలా జరుపుకుంటూ, ఎంతసేపో చూశాడు. నేను గుమ్మంలో ఉన్నానని తెలియగానే ఫోను బోర్లించేశాడు. ఆ క్షణంలోనే నిర్ణయించుకున్నాను. క్షమించమని అడగడం నాకు రాదు, చెయ్యడం వచ్చు. ఆ కారు మళ్ళీ చేసి ఆయన ఒళ్ళో పెడితే ఎందుకు మాట్లాడడో చూద్దామనుకున్నాను.

చెక్కతో ఎందుకు చెయ్యలేదని తర్వాత చాలామంది అడిగారు. టేకుతో మూరెడు కారు చేస్తే బరువు. మా బావకి ఇప్పుడు ఎడమ చెయ్యొక్కటే ఆధారం. ఆయన ఒంటి చేత్తో ఎత్తి, కళ్ళ దగ్గర పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూడాలంటే అట్టే గతి.

అట్ట సంగతి నాకు తెలుసనుకున్నాను. తెలియదని మొదటి వారంలోనే తేలింది. ప్రింటింగ్ ప్రెస్సులో మిగిలిపోయిన శుభలేఖల అట్ట తెచ్చాను, పుస్తకాలకి వేసే బైండింగు అట్ట తెచ్చాను. మైదా ఉడికించి జిగురు చేశాను. అందులో మైలుతుత్తం చిటికెడు వెయ్యాలి, లేకపోతే పురుగు పడుతుంది. ఆ సంగతి ఊళ్ళో పుస్తకాలు కుట్టే ప్రతివాడికీ తెలుసు, నాకూ తెలుసు, అయినా మర్చిపోయాను. పొద్దున లేచి చూస్తే బొద్దింకలు బానెట్‌ని కొరికి పండగ చేసుకున్నాయి. మా ఆవిడ చూసి, "కారు ఎలా ఉందో గానీ రుచిగా ఉన్నట్టుందండీ" అంది.

రెండోసారి పైకప్పు పొంగింది. మా బందరు గాలి సముద్రం మీంచి వస్తుంది, ఉప్పూ తేమా దాంట్లోనే. పొద్దున బల్లపరుపుగా ఉన్న అట్ట మధ్యాహ్నానికి పూరీలా లేస్తుంది. అంబాసిడర్ పైకప్పుకి ఎటూ వంపుంటుంది గానీ నాకు కావాల్సిన వంపు వేరు, అది తిరిగిన వంపు వేరు. అప్పుడు నా చెక్క బుద్ధి పనికొచ్చింది. కాగితానికీ చెక్కలాగే పోగుంటుంది, ఒకవైపు తేలిగ్గా వంగుతుంది, రెండోవైపు వంగనని మొరాయిస్తుంది. మూడు పల్చటి అట్టల్ని పోగులు అడ్డంగా ఒకటీ నిలువుగా ఒకటీ వచ్చేలా అంటించి, తడి ఆరకముందే ఒక కొయ్య దిమ్మ మీద వంచి, పైన నా పాత అచ్చులు పదిహేను బరువు పెట్టాను. రెండు రోజుల తర్వాత తీసి గోటితో కొడితే టంగుమంది. ఆ తర్వాత దాన్ని ఏ గాలీ కదిలించలేదు.

ఇక కొలతలు. అసలు కారు లేదు, ఫోటోలు ఉన్నాయి గానీ ఫోటోలో టేపు పెట్టలేం కదా. ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒకాయన ఇంటి వెనకాల పాత అంబాసిడర్ పడుందని ఎవరో చెబితే వెళ్ళాను. రేకుల కింద ఉంది. వెనక సీట్లో కోడి గుడ్ల మీద కూర్చునుంది.

"కొంటారా అండీ?" అన్నాడాయన ఆశగా.

"కొననండీ. కొలుచుకుని వెళ్తాను."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. విషయం చెప్పాను. కోడిని లేపకుండా కొలుచుకోమని ఒప్పుకున్నాడు. నేను టేపు పట్టుకుని పాకుతుంటే వెనకే తిరుగుతూ, "ఇంతకీ మీ బావగారు కులాసానేనా?" అనడిగాడు.

"ఉన్నారండీ, ఒంట్లో బాగోదు."

"మాట్లాడగలరా?"

"మాట్లాడతారు."

"మరైతే ఆయన్నడిగితే సరిపోయేది గదండీ? ముప్పై ఐదేళ్ళు నడిపినాయనకి దాంట్లో అంగుళం అంగుళం తెలిసుంటుంది. ఇంత దూరం పడొచ్చారెందుకు?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "చెప్పకుండా తీసుకెళ్ళి ఇస్తేనే బాగుంటుందండీ" అన్నాను. ఆయన "ఏమోలెండి" అని, కోడికి నూకలు తేవడానికి లోపలికెళ్ళాడు. ఆ ఏమోలెండి బస్సులో బందరు దాకా నా చెవిలో గీపెట్టింది. అయినా నేను లెక్కచెయ్యలేదు.

కొలతల్ని పదో వంతుకి దించి, పల్చటి కాగితాల మీద ఒక్కో భాగం గీశాను. ఎడమ పక్క, కుడి పక్క, కింది పళ్ళెం, దాని మీద సీట్లు, డాష్‌బోర్డు, స్టీరింగ్ ఎక్కడెక్కడ రావాలో గుర్తులు. అట్టకి అంటించాను, బ్లేడుతో కోశాను. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక షెడ్డులో ఉలుల చప్పుడు ఆగే గంటన్నర సేపు నాది. చక్రాలకి గుండ్రటి అట్టలు ఒకదాని మీద ఒకటి అంటించి అంచులు ఉప్పుకాగితంతో రుద్దాను. ఇరుసులకి పాత వార్తాపత్రికలు గట్టిగా చుట్టాను. హెడ్‌లైట్లకి తడికాగితాన్ని గోళీల మీద అదిమి గిన్నెలు చేశాను. స్టీరింగ్ చక్రం బొంగరం తాడంత సన్నం, దాని పక్కనే గేరు రాడ్డు. తలుపులకి గుడ్డ బద్దీలతో కీళ్ళు పెట్టాను, పుస్తకం అట్టలా తెరుచుకుని మూసుకుంటాయి. వెనక తలుపుకి గేదె పెట్టిన సంతకం కూడా మర్చిపోలేదు, చెంచా వెనక్కి తిప్పి తడి అట్ట మీద నొక్కాను. పాల తెలుపు రంగు నాలుగు పూతలు పూసి, చివర్లో నంబరు ప్లేట్లు నా చేత్తో రాసి అతికించాను.

మొత్తం మూడు నెలలు పట్టింది. పూర్తయిన రోజు కారుని బల్ల మీద పెట్టి దూరంగా నిలబడి చూసుకున్నాను. నా జీవితంలో చేసిన వస్తువులన్నిట్లో అదే గొప్పదనిపించింది. మా ఆవిడ వచ్చి చుట్టూ తిరిగింది.

"బాగుందండీ. కానీ ఏదో తేడాగా ఉంది."

"ఏంటి తేడా?"

"ఏమో, చెప్పలేను. ఎక్కడో ఏదో."

"తేడా నీ కళ్ళజోడులో ఉంది" అన్నాను. నాతో ముప్పై ఏళ్ళ కాపురం ఆవిడకి ఎప్పుడు ఊరుకోవాలో నేర్పింది.

గుడివాడలో మా అక్కావాళ్ళు ఆ నెలలో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. జబ్బు చేసి లేచినందుకు ఏటా దేవుడికి వందనాలు చెప్పుకునే చిన్న ప్రార్థన. పాస్టరు గారు వస్తారు, చర్చివాళ్ళు పాతికమంది వస్తారు, పాటలు పాడి, సాక్ష్యాలు చెప్పి, టీ తాగి వెళ్తారు. ఇంతకంటే మంచి అదను దొరకదనుకున్నాను. అంతమంది ముందు ఒళ్ళో కారు పెడితే నోరు విప్పకుండా ఎలా ఉంటాడు? నిజం ఒప్పుకోవాలి, అందులో కాస్త బలవంతం ఉంది. అదీ ఆలోచించే చేశాను.

ఆదివారం పొద్దున్నే కారుని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. పెడన దాటేసరికి పక్కనావిడ దుప్పటి తొలగించి చూసి, "అయ్యో, పాపాయనుకున్నానండీ" అంది. కండక్టరు వచ్చి, "కారున్నాయన బస్సెక్కడమేంటండీ?" అన్నాడు. బస్సంతా నవ్వింది. గుడ్లవల్లేరు దగ్గర గోతిలో పడి బస్సు ఎగిరితే, ముగ్గురు ఒకేసారి చేతులు చాపి కారుని పట్టుకున్నారు. ఇంకేం, ఛాతీ ఉబ్బిపోయి గుడివాడలో దిగాను.

మధ్యాహ్నం మూడింటికి కూడిక మొదలైంది. బావ తెల్ల చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు, కుడి చెయ్యి దిండు మీద. పాటలయ్యాయి. సాక్ష్యాలు చెప్పేవాళ్ళుంటే చెప్పమన్నారు పాస్టరు గారు. నేను లేచాను. సాక్ష్యం అంటే దేవుడు చేసిన మేలు చెప్పుకోవాలి. నేను చెప్పిందంతా నేను చేసిన కారు గురించే. బొద్దింకల దగ్గర్నుంచి పూతల దాకా ఏదీ వదల్లేదు. చివరికి దుప్పటి తీసి బావ ఒళ్ళో పెట్టాను.

"అచ్చం అదేనండీ!" "సొట్టతో సహా పెట్టాడు చూడండి!" "హారనొక్కటే తక్కువ!" అంటూ అందరూ చుట్టూ మూగారు. మా అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. బావ ఎడమ చెయ్యి కిందుగా పెట్టి కారుని పైకెత్తాడు. ముందు చూశాడు, వెనక చూశాడు. సొట్ట మీద బొటనవేలు పెట్టి కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత అద్దం లేని కిటికీలోంచి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు.

ఆయన తలెత్తి మా అక్కతో, "మీ తమ్ముణ్ణి టీ తాగి వెళ్ళమను" అన్నాడు.

అంతే. పాస్టరు గారు ముగింపు ప్రార్థన చేశారు. టీలు తాగారు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నాకు ముఖం చెల్లలేదు. మూడు నెలలు నేను పడ్డ కష్టానికి నాతో ఒక్క మాట చెప్పలేడా అని కోపమొచ్చింది. కోపం కింద ఏడుపుంది, దాన్ని మింగి గుమ్మం బయటికొచ్చి చెప్పులేసుకుంటున్నాను.

"ఒరేయ్."

లోపల్నుంచి వచ్చింది ఆ మాట. అక్క వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. ఇంకెవరూ లేరు. నన్నే.

"ఒరేయ్, ఇట్రా."

ఒక కాలి చెప్పుతోనే లోపలికి వెళ్ళిపోయాను. కారు మంచం మీద ఉంది. దాని పక్కన ఆయన, ఎదురుగా నేను.

"గేదె ఎటు పక్క కుమ్మింది?" అన్నాడు.

"ఎడమ పక్క బావా. వెనక తలుపు."

"ఇదెటు ఉంది?"

చూశాను. కుడి పక్క ఉంది. అర్థం కాలేదు. నేను ఎడమ పక్కే గీశాను, నాకు బాగా గుర్తు.

"ముందు సీట్లో ఎడమ పక్క ఎవరు కూర్చునేవాళ్ళు?"

"నేను."

"స్టీరింగ్ ఎవరి ముందుంది?"

వంగి కిటికీలోంచి చూశాను. స్టీరింగ్ నా సీటు ముందుంది. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. ముప్పై ఆరేళ్ళ అలవాటు. గీసిన కాగితాన్ని ప్రతిసారీ బోర్లా తిప్పి అట్టకి అంటించాను. గుడ్డ లేదు, రంగు లేదు, అద్దే పని లేదు, అయినా నా చెయ్యి తిప్పేసింది. కారు మొత్తం కుడి ఎడమైపోయింది. మూడు నెలలు దాన్ని రోజూ చూశాను, నా కళ్ళకి అదే సరిగ్గా కనిపించింది. ముప్పై ఏళ్ళు వెనక సీట్లలో కూర్చున్న జనానికీ పట్టలేదు. వాళ్ళు బయట్నుంచి చూశారు. నడిపిన మనిషి లోపలికి చూశాడు.

"పొరపాటు బావా. అచ్చుల అలవాటు. కాగితం తిప్పేశాను" అన్నాను. ముప్పై ఆరేళ్ళలో నా పనికి నేను సంజాయిషీ చెప్పుకోవడం అదే మొదలు.

"పొరపాటు కాదురా. సరిగ్గానే చేశావు." మాట ముద్దగా వస్తోంది, ఒక్కో మాటా ఆగి చెప్తున్నాడు. "ఆ రోజూ ఇంతేగా? నా చేతిలోంచి స్టీరింగ్ నువ్వు తీసేసుకున్నావు. నన్నొక్క మాట అడిగావా?"

"అడిగితే వద్దంటావని..."

"వద్దనేవాణ్ణే. తిట్టేవాణ్ణి. రెండ్రోజులు అన్నం తినేవాణ్ణి కాదు." ఎడమ చేత్తో కారుని దగ్గరికి జరుపుకున్నాడు. "మూడో రోజు నేనే ఇచ్చేవాణ్ణిరా. నా చేత్తో తాళం తీసి నీ చేతిలో పెట్టేవాణ్ణి. ముప్పై ఐదేళ్ళు నడిపాను. జేబులోంచి తీసుకుపోతావా?"

వంటింట్లో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. అక్క వింటోంది.

ఆ తాళం బరువు, ఆ చొక్కా జేబు, ఆయన నిద్రలో ఊపిరి తీసుకుంటున్న చప్పుడు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆయన కుడి చెయ్యి దిండు మీద అలాగే ఉంది, నేను వెళ్ళి దాన్నే పట్టుకున్నాను.

"తప్పైంది బావా" అన్నాను. మూడేళ్ళూ మూడు నెలలూ పట్టింది నాకు ఆ మాట అనడానికి. అట్టతో కారు చెయ్యడం దానికంటే చాలా తేలిక.

ఆయన ఎడమ చేత్తో నా తల మీద ఒక్కటి మొట్టాడు. గట్టిగానే మొట్టాడు. ఆ చేతిలో బలం తగ్గలేదని సంతోషమేసింది.

కాసేపయ్యాక లేచి కారుని దుప్పట్లో చుట్టబోయాను. "ఇది తీసుకెళ్ళి పారేస్తాను బావా, ఇంకోటి సరిగ్గా చేసి తెస్తాను" అన్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. నాకప్పుడు వెలిగింది, మళ్ళీ ఆయన్ని అడక్కుండా నేనే చెప్పేస్తున్నానని. దుప్పటి కింద పెట్టేసి, "ఏం చెయ్యమంటావు బావా?" అని అడిగాను.

"అదుండనీ. నీ బుద్ధికి గుర్తు" అన్నాడు. "ఇంకోటి చెయ్యి. ఇక్కడ కూర్చుని చెయ్యి."

వంటింట్లోంచి మా అక్క అరిచింది. "హమ్మయ్య! ఇక మీ మాటలు మీరే చెప్పుకోండి, నా ఉద్యోగం పోయింది."

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దుటి బస్సుకి గుడివాడ వెళ్తున్నాను. అట్టలు, బ్లేడు, జిగురు డబ్బా తీసుకెళ్తాను, జిగురులో మైలుతుత్తం మర్చిపోవట్లేదు. ఉయ్యూరు కొలతలు రాసుకున్న కాగితం కూడా తీసుకెళ్ళాను గానీ మొదటి వారమే మడిచి జేబులో పెట్టేశాను. బావకి అన్నీ నోటికొచ్చు. బ్రేకు మీద కాలు పెడితే మోకాలికీ స్టీరింగ్‌కీ మధ్య ఎంత సందుండేదో, వైపరు ఎక్కడి దాకా తుడిచి ఆగిపోయేదో చెప్తాడు. చెబుతూ చెబుతూ నాగాయలంక పెళ్ళివారి దగ్గరికో, వరదలో మోపిదేవి దగ్గర ఆగిపోయిన రాత్రికో వెళ్ళిపోతాడు. తిరిగొచ్చేదాకా ఆగుతాను. పని చాలా మెల్లిగా సాగుతోంది. ఆరు వారాలకి ఒక పక్క, కింది పళ్ళెం మాత్రమే అయ్యాయి. ఇంతకుముందైతే ఆరు వారాల్లో చక్రాలు కూడా తిప్పేసేవాణ్ణి.

గీసిన కాగితం అట్ట మీద పెట్టగానే నా చెయ్యి ఇప్పటికీ తిప్పబోతుంది. తిప్పకుండా ఆపుకుని, బ్లేడు గీత మీద ఆనించి, "ఇక్కడ కొయ్యనా బావా?" అని అడుగుతాను. ఆయన ముందుకు వంగుతాడు, కళ్ళు చికిలించి ఆ గీత వెంట ఈ చివర నుంచి ఆ చివరకి చూస్తాడు. తొందరేమీ పడడు. "ఊఁ, కొయ్యి" అంటాడు. అప్పుడు కోస్తాను.